ఎత్తైన చోట పండిన ద్రాక్ష: మెండోసా, సాల్తా, ఎట్నా, నందిహిల్స్... ఏ వైన్ ఎవరికి?

మూడేళ్ల కిందట డల్లాస్‌లో మా అక్కా వాళ్లింట్లో ఆదివారం భోజనం. గోంగూర మటన్ వండుతున్నారని తెలిసి, దానికి తోడుగా ఒక అర్జెంటీనా రెడ్ వైన్ కొనుక్కెళ్లాను. షాపులో నాలుగు సీసాలు పక్కపక్కనే ఉన్నాయి. నాలుగింటి మీదా తోట ఎన్ని మీటర్ల ఎత్తున ఉందో రాసి ఉంది. అన్నిటికన్నా పెద్ద అంకె ఉన్నది తీసుకున్నాను. ఎత్తు పెరిగితే చలి, చలి ఉంటే కాయలో పులుపు నిలుస్తుంది, పులుపున్న వైన్ మన కూరకి సరిపోతుంది అని నా లెక్క. తీరా తాగితే నోరంతా మంట. మద్యం 15 శాతానికి దగ్గరగా ఉంది, వగరు గట్టిగా ఉంది, కూరలో కారం రెండింతలైనట్టు అనిపించింది. బావగారు రెండు గుక్కలు తాగి మజ్జిగ తెచ్చుకున్నారు.

వైన్ మంచిదే. ఒక్క అంకె చూసి కొనడమే తప్పు. ఆ తర్వాత కుదిరినప్పుడల్లా ఎత్తైన తోటల వైన్లను పక్కపక్కన పెట్టుకుని రుచి చూస్తూ వచ్చాను. నాకు తెలిసొచ్చింది ఇది: ఎత్తు అనేది సగం సమాచారం. ఆ ఎత్తు భూమధ్యరేఖకి ఎంత దగ్గర, కింద నేల ఏమిటి, నీళ్లు ఎక్కణ్ణుంచి వస్తాయి, కాయ పండే నెలల్లో వాతావరణం చల్లబడుతోందా వేడెక్కుతోందా అన్నవి కలిస్తేనే మిగతా సగం తెలుస్తుంది. సీసా కొనే ముందు ఇవి తెలిస్తే చాలా డబ్బు మిగులుతుంది.

ముందుగా, దేన్ని బట్టి పోల్చాలి?

మొదటిది ఎత్తూ అక్షాంశమూ. పైకి వెళ్లే కొద్దీ ప్రతి 100 మీటర్లకీ సుమారు 0.6 డిగ్రీల చొప్పున గాలి చల్లబడుతుంది. అంటే 1000 మీటర్లు ఎక్కితే 6 డిగ్రీలు తేడా. అయితే ఎక్కడి నుంచి ఎక్కుతున్నామన్నది ముఖ్యం. జర్మనీలో 200 మీటర్ల ఎత్తున్న తోటలో ద్రాక్ష పండడానికే ఎండ చాలక ఇబ్బంది పడుతుంది. మన హైదరాబాద్ 540 మీటర్ల ఎత్తులో ఉంది, మే నెలలో ఎలా ఉంటుందో చెప్పక్కర్లేదు. భూమధ్యరేఖ వైపు జరిగే కొద్దీ అదే చల్లదనం కోసం ఇంకా ఇంకా పైకి ఎక్కాలి. అందుకే 1700 మీటర్ల తోట 1200 మీటర్ల తోట కన్నా వేడిగా ఉండడంలో వింతేమీ లేదు. డల్లాస్‌లో నేను చేసిన పొరపాటు సరిగ్గా ఇక్కడే.

రెండోది రాత్రి చలి. ద్రాక్షలో ముఖ్యంగా రెండు ఆమ్లాలుంటాయి. ఒకటి టార్టారిక్, మన చింతపండుకి పులుపునిచ్చేది అదే. రెండోది మాలిక్, పచ్చి ఆపిల్‌లో నాలుకకి తగిలేది. టార్టారిక్ వేడికి అంత తొందరగా తరగదు. మాలిక్ మాత్రం వెచ్చటి రాత్రుల్లో కరిగిపోతుంది, ఎందుకంటే కాయ ఊపిరి తీసుకుంటూ దాన్ని ఖర్చు చేసుకుంటుంది. రాత్రి 12 డిగ్రీలకి పడిపోయే చోట ఆ ఖర్చు తగ్గుతుంది. పగటి ఎండకి చక్కెర పెరుగుతుంది, రాత్రి చలికి పులుపు మిగులుతుంది. ఎత్తైన తోటలకి పేరొచ్చింది ముఖ్యంగా ఈ జత వల్లే.

మూడోది ఎండలోని అతినీలలోహిత కిరణాలు. 1000 మీటర్లు ఎక్కితే వీటి తీవ్రత 10 నుంచి 12 శాతం పెరుగుతుంది. కాయ తనను తాను కాపాడుకోవడానికి తొక్కని మందం చేసుకుంటుంది, అందులో రంగునీ వగరునీ ఇచ్చే పదార్థాలు ఎక్కువ చేసుకుంటుంది. అర్జెంటీనాలోని మెండోసాలో శాస్త్రవేత్తలు ఎత్తైన తోటలోని మాల్బెక్ అనే నల్లద్రాక్ష తీగలకి ఈ కిరణాలను అడ్డుకునే ప్లాస్టిక్ తెరలు కట్టి చూశారు. తెర కింది కాయల్లో ఈ పదార్థాలు తగ్గాయి. ఎత్తైన చోటి మాల్బెక్ గ్లాసులో నేరేడుపండు రసంలా ముదురుగా కనిపించడానికి ఇదొక పెద్ద కారణం.

నాలుగోది నేల. ఇక్కడ ఒక అపోహ ఉంది. సున్నపురాయి నేలలో పండింది కాబట్టి వైన్‌లో సున్నపురాయి రుచి వస్తుందని చాలామంది అనుకుంటారు. రాయి రుచి వేరు ద్వారా కాయలోకి ఎక్కదు. నేల చేసే పని వేరు: నీటిని ఎంతసేపు పట్టి ఉంచుతుంది, వేర్లని ఎంత లోతుకి పోనిస్తుంది, రాత్రి వేడిని ఎంత నిలుపుకుంటుంది అన్నవి నేల తేలుస్తుంది. గులకరాళ్ల నేలలో నీళ్లు నిలవవు, తీగ ఆకులు వేయడం మానేసి కాయ మీద దృష్టి పెడుతుంది, కాయ చిన్నదవుతుంది. చిన్న కాయలో రసంతో పోలిస్తే తొక్క వంతు ఎక్కువ. వైన్ చిక్కబడేది అందుకే. ఒండ్రు లోతుగా ఉన్న చోట తీగ సుఖంగా పెరుగుతుంది, వైన్ మెత్తగా, గుండ్రంగా వస్తుంది.

ఐదోది నీళ్లు. ఆరోది కోత కాలం ఏ రుతువు వైపు జరుగుతోందన్నది. ఈ రెండింటి గురించి తోటల దగ్గరికి వెళ్లినప్పుడు చెప్పుకుందాం.

ఒక్క చూపులో

| ప్రాంతం | ఎత్తు, అక్షాంశం | నేల | నీళ్లు | గ్లాసులో ఏముంటుంది |
|---|---|---|---|---|
| లుహాన్ దె కుయో, మెండోసా | సుమారు 900–1100 మీ., 33° దక్షిణం | ఒండ్రు, బంకమట్టి, కింద గులకరాళ్లు | మంచు కరిగిన కాలువ నీరు | మెత్తని, పండిన రేగు–నేరేడు రుచి |
| ఊకో లోయ, మెండోసా | సుమారు 900–1500 మీ., పైనా కొన్ని, 33–34° దక్షిణం | గులకరాళ్లు, ఇసుక, సున్నం పట్టిన రాళ్లు | ఎక్కువగా డ్రిప్ | ముదురు రంగు, గట్టి పులుపు, పూల వాసన |
| కఫయాతే, కల్చకీ లోయ, సాల్తా (అర్జెంటీనా) | 1700 మీ. నుంచి 3111 మీ. దాకా, 25–26° దక్షిణం | ఇసుక, గరప | కొండ నీరు | రెడ్ అయితే బరువు, మద్యం ఎక్కువ. వైట్ అయితే మల్లెల వాసన |
| ఎట్నా అగ్నిపర్వతం, సిసిలీ (ఇటలీ) | సుమారు 400–1000 మీ., 37–38° ఉత్తరం | లావా, బూడిద, నల్ల ఇసుక | వాన | లేత రంగు, పులుపు, సన్నని వగరు |
| నందిహిల్స్ దిగువ, కర్ణాటక | సుమారు 900 మీ., 13° ఉత్తరం | ఎర్ర నేల, కింద గ్రానైట్ | డ్రిప్, రుతుపవనాల వాన | పండిన పండు, మోస్తరు పులుపు |

లుహాన్ దె కుయో: మొదటిసారి తాగేవాళ్లకి

మెండోసా నగరాన్ని ఆనుకుని ఉన్న పాత తోటలివి. ఆండీస్ పర్వతాలు పసిఫిక్ మేఘాలని అవతలే ఆపేస్తాయి, కాబట్టి ఇటువైపు ఏడాదికి 200 మిల్లీమీటర్ల చుట్టుపక్కలే వాన. అది ఎడారి. కొండల మీది మంచు కరిగి మెండోసా నదిలోకి, అక్కణ్ణుంచి కాలువల్లోకి వచ్చే నీళ్లే ఇక్కడి ద్రాక్షకి ప్రాణం. ఆ కాలువల పద్ధతి స్పెయిన్ వాళ్లు రాకముందే హువార్పే ప్రజలు మొదలుపెట్టింది. మాల్బెక్ తీగని 1853 ప్రాంతంలో మిషెల్ పూజే అనే ఫ్రెంచి వ్యవసాయ నిపుణుడు తెచ్చాడు. ఫ్రాన్స్‌లో వగరుగా, గరుకుగా ఉండే ఆ రకం ఇక్కడి ఎండలో మెత్తబడింది.

వెయ్యి మీటర్లంటే చాలా ఎత్తని మనకి అనిపించినా, మెండోసాలో దీన్ని మధ్యస్థం అనే అంటారు. ఒండ్రు నేల కొంచెం నీటిని పట్టి ఉంచుతుంది, వగరు మెత్తగా ఉంటుంది. రెడ్ వైన్ అలవాటు లేనివాళ్లకి ఇదే ఇవ్వండి. ఎత్తైన చోటి వైన్‌లో ఉండే పదును కావాలనుకునేవాళ్లకి మాత్రం ఇది కాస్త చప్పగా అనిపించవచ్చు.

ఊకో లోయ: నేల మాట నిజంగా వినిపించే చోటు

నన్ను ఒక్కటే ఎంచుకోమంటే ఊకో లోయ అంటాను. నగరానికి దక్షిణంగా, ఆండీస్ పాదాల దగ్గర ఏటవాలుగా పైకి పోయే లోయ ఇది. పడమరకి కొన్ని కిలోమీటర్లు వెళ్తే చాలు, వందల మీటర్లు ఎక్కేస్తాం. కాలువ నీళ్లు పారని ఆ వాలుల్లో ఒకప్పుడు ద్రాక్ష సాధ్యం కాదనుకునేవాళ్లు. బోర్లూ డ్రిప్పూ వచ్చాక కథ మారింది.

1992లో వైన్ తయారీదారు నికొలాస్ కాతేనా సపాతా ఇక్కడి గ్వాల్తయారిలో దాదాపు 1500 మీటర్ల ఎత్తున తోట వేసి తన కూతురి పేరు మీద అద్రియానా అని పెట్టాడు. అంత చలిలో కాయ పండదని చాలామంది అన్నారు. పండింది. పండడమే కాదు, ఒకే తోటలో కొన్ని అడుగుల దూరంలోనే వేర్వేరు వైన్లు రావడం మొదలైంది. కారణం నేల. ఇది వేల ఏళ్లుగా కొండల నుంచి వాగులు మోసుకొచ్చి పరిచిన నేల. ఒక చోట గుండ్రని రాళ్లు, వాటికి తెల్లగా సున్నం పట్టి ఉంటుంది. పక్కనే ఇసుక, ఆ పక్కనే లోతైన ఒండ్రు. అదే తోటలోని షార్డనే అనే తెల్లద్రాక్ష వైన్‌ని రెండు సీసాలుగా విడదీసి ఒకదానికి 'తెల్ల ఎముకలు', ఒకదానికి 'తెల్ల రాళ్లు' అనే అర్థం వచ్చే పేర్లు పెట్టారు. మొదటిదాని కింద సున్నంతో పాటు శిలాజాలుగా మారిన జంతువుల ఎముకలున్నాయి, రెండోదాని కింద సున్నం పట్టిన గుండ్రాళ్లు. మన రాయలసీమ రైతు ఒకే పొలంలో ఇక్కడ గరప, అక్కడ చౌడు అని కాలితో తొక్కి చెప్పినట్టే, అక్కడివాళ్లు ఇప్పుడు ఎకరం ఎకరానికీ గోతులు తవ్వి చూసి, దేని కాయ దానికి విడిగా కోస్తున్నారు.

ఊకో లోయ అంతా ఒకటే అనుకోకండి. పరాహె అల్తమీరా కొంచెం కింద, 1100 మీటర్ల చుట్టుపక్కల ఉంది. తునుయాన్ నది విసనకర్రలా పరిచిన రాళ్ల మీద ఉన్న తోటలివి. 2013లో దీనికి విడిగా భౌగోళిక గుర్తింపు వచ్చింది. దీని మాల్బెక్‌లో వగరు సన్నగా, పొడిలా నాలుకంతా పరుచుకుంటుంది. గ్వాల్తయారి ఇంకా ఎత్తు, ఇంకా పొడి. ఇక్కడి మాల్బెక్‌లో కారపు మూలికల వాసన, గట్టి పులుపు. కాబర్నే ఫ్రాంక్ అనే నల్లద్రాక్ష ఈ నేలకి అద్భుతంగా నప్పింది. సాన్ పాబ్లో అయితే ఇంకా చల్లన, అక్కడ వైట్ వైన్లు చూడండి.

దీనికి మూల్యం లేకపోలేదు. వసంతంలో పొగమంచు కాదు, చిగుళ్లని చంపే గడ్డమంచు పడుతుంది. ఎండాకాలంలో వడగళ్లు. అందుకే తోటల మీద వలలు కనిపిస్తాయి. 2017లో మంచు దెబ్బకి దిగుబడి బాగా పడిపోయింది. చలి ఎక్కువైన ఏడాది కాబర్నే సావిన్యాన్ లాంటి ఆలస్యంగా పండే రకాలు పూర్తిగా పండవు, వైన్‌లో పచ్చి క్యాప్సికం వాసన మిగిలిపోతుంది. ఈ కష్టమంతా కలిపి సీసా ధర లుహాన్ కన్నా ఎక్కువగానే ఉంటుంది. ధర చూసి వెనకాడేవాళ్లు గ్వాల్తయారి, అల్తమీరా అని విడిగా రాయకుండా ఊకో లోయ అని మాత్రమే రాసిన సీసాతో మొదలుపెట్టండి. లోయ స్వభావం అందులో కూడా తెలుస్తుంది.

సాల్తా: అంకె పెద్దది, రెడ్ వైన్ బరువు, వైట్ వైన్ మాత్రం మనదే

నా డల్లాస్ సీసా ఇక్కడిదే. కల్చకీ లోయ మెండోసాకి ఉత్తరంగా, భూమధ్యరేఖకి ఏడు డిగ్రీలు దగ్గరగా ఉంది. కఫయాతే పట్టణం దగ్గర తోటలు 1700 మీటర్లలో మొదలవుతాయి. అయినా పగలు ఎండ మండిపోతుంది. ఎత్తు ఇచ్చిన చల్లదనంలో చాలా భాగాన్ని అక్షాంశం తినేసింది. అతినీలలోహిత కిరణాలు మాత్రం ఏమీ తగ్గలేదు. ఫలితం: చక్కెర బాగా ఎక్కిన కాయ, మందపు తొక్క, నల్లటి రంగు, గట్టి వగరు, 14.5 – 15 శాతం మద్యం. రాత్రి చలి వల్ల పులుపూ ఉంటుంది, కాబట్టి వైన్ చప్పబడదు, కానీ అన్నీ పెద్ద గొంతుతో మాట్లాడతాయి. చలికాలం రాత్రి బొగ్గుల మీద కాల్చిన మాంసం ముందు దీనికి సాటి లేదు. కారం కూర ముందు వద్దు. మద్యం కారాన్ని మండిస్తుంది, వగరు ఆ మంటకి గరుకుదనం కలుపుతుంది.

ఇంకా పైకి వెళ్లాలనుకునేవాళ్లకి కొలోమే ఉంది. 1831లో మొదలైన ఈ తోట 2300 మీటర్ల ఎత్తులో ఉంది. 2001లో స్విట్జర్లాండ్‌కి చెందిన డొనాల్డ్ హెస్ దీన్ని కొని, పయోగాస్తా దగ్గర 3111 మీటర్ల ఎత్తున ఆల్తూరా మాక్సిమా అనే తోట వేశాడు. అంత ఎత్తులో అక్షాంశం ఇచ్చిన వేడి కూడా ఓడిపోతుంది, వైన్ మళ్లీ సన్నబడుతుంది. అంటే ఒకే లోయలో కింద బరువు, పైన పదును. సాల్తా అనే మాట చూసి కాకుండా, ఆ లోయలో ఎక్కడ అన్నది చూసి కొనాలి.

వైట్ వైన్ సంగతి వేరు. తొరొంతేస్ అనే అర్జెంటీనా సొంత రకం కఫయాతేలో పండినట్టు మరెక్కడా పండదని నా అభిప్రాయం. మస్కట్ ఆఫ్ అలెగ్జాండ్రియా, స్థానిక క్రియోల్యా రకాల సహజ సంకరం ఇది. గ్లాసు దగ్గరికి తెస్తే మల్లెలు, గులాబీ, నారింజ తొక్క. తియ్యగా ఉంటుందేమో అనిపించి, తాగితే పొడిగా ఉంటుంది. పాత తోటల్లో దీన్ని పందిరి మీద పెంచుతారు. ఆ తీవ్రమైన ఎండకి గుత్తులు మాడిపోకుండా ఆకుల నీడన వేలాడతాయి, వాసన నిలుస్తుంది. హైదరాబాద్ చుట్టుపక్కల రాతి కూసాల మీద అనాబ్-ఎ-షాహీ పందిళ్లు చూసినవాళ్లకి ఆ ఫొటోలు చూడగానే ఇల్లు గుర్తొస్తుంది. రెండు చోట్లా పందిరి వేయడానికి కారణం ఎండే. అనాబ్-ఎ-షాహీ తినే ద్రాక్ష, పెద్ద కాయ, పల్చటి తొక్క, ఎక్కువ నీరు. వైన్‌కి అదే లోటు.

ఎట్నా: ఎత్తు ఉంది, ముదురు రంగు లేదు

ఎత్తు పెరిగితే రంగు ముదురుతుందని పైన చెప్పాను. ఎట్నా దగ్గర ఆ మాట సగమే నిజం. ఇక్కడి ముఖ్యమైన నల్లద్రాక్ష నెరెల్లో మస్కలేసె. 800, 900 మీటర్ల ఎత్తులో పండినా వైన్ లేత ఎరుపులోనే ఉంటుంది, ఎందుకంటే ఆ రకానికే రంగు తక్కువ. ఎత్తు ఏ రకాన్నైనా ఉన్నదాని నుంచి కొంత పైకి లేపగలదు గానీ, లేనిది తెచ్చి పెట్టలేదు. మాల్బెక్ తాగి తాగి ఎట్నా రెడ్ పోసుకున్న మా స్నేహితుడు ఇది నీళ్లు కలిపిందా అని అడిగాడు. తాగాక మాట్లాడలేదు. లేత రంగు, పదునైన పులుపు, వెనకాల నేరేడు గింజ కొరికినట్టు సన్నని వగరు.

ఎట్నా నేల నిప్పు నుంచి వచ్చింది. ఒక్కో కాలంలో పారిన లావా ఒక్కో చోట ఒక్కో వయసులో ఉంది; కొత్త లావా ఇంకా రాయిగానే ఉంటే, పాతది పొడిగా నల్ల ఇసుకయింది. ఈ తేడాల్ని బట్టే తోటలని కంట్రాడాలుగా విడదీశారు, సీసా మీద ఆ పేరు రాస్తారు. ఆ ఇసుకలో ద్రాక్ష వేర్లని తినే ఫిలోక్సెరా పురుగు బతకలేదు, కాబట్టి అంటు కట్టని, సొంత వేర్ల మీద నిలబడ్డ ముసలి తీగలు ఇంకా ఉన్నాయి. పందిరి లేదు, ఇనప తీగెలు కట్టిన వరసలూ అన్ని చోట్లా లేవు. పాత తోటల్లో ఒక్కో మొక్కకీ చెస్ట్‌నట్ కర్ర పాతి, చిన్న చెట్టులా పెంచుతారు. పనంతా చేతులతోనే, మెట్లు మెట్లుగా కట్టిన రాతి గట్ల మీద.

అక్షాంశం 37 డిగ్రీలు దాటడంతో 800 మీటర్లే ఇక్కడ చాలా ఎత్తు. కోత అక్టోబర్ మధ్య దాకా, ఒక్కోసారి నెలాఖరు దాకా జరుగుతుంది. సిసిలీ కింది మైదానాల్లో అప్పటికి ఎప్పుడో అయిపోతుంది. కాయ పండే చివరి వారాలు చల్లబడుతూ పోవడం వల్ల తొందరపడి కోయాల్సిన పని లేదు. అయితే మెండోసాకి సాధారణంగా లేని టెన్షన్ ఒకటుంది: వాన. కోత ముందు వర్షం పడితే గుత్తులు కుళ్లుతాయి. కొండ తూర్పు వైపు మీలో అనే ఊళ్లో వాన మరీ ఎక్కువ. అక్కడ రెడ్ కన్నా కర్రికాంతె అనే తెల్లద్రాక్షదే రాజ్యం. దానిలో నిమ్మకాయ పిండినట్టుండే పులుపు ఉంటుంది. రెడ్ కావాలంటే ఉత్తరపు వాలు మీది రాందాజో వైపు తోటలు చూడండి.

నందిహిల్స్: మన గడప దగ్గర

అనంతపురం నుంచి బెంగళూరు వెళ్లే దారిలో చిక్‌బళ్లాపూర్ చుట్టూ ద్రాక్ష పందిళ్లు కనిపిస్తాయి. వాటిలో ఎక్కువ బెంగళూరు బ్లూ. రసానికీ తినడానికీ వాడేది, ఘాటైన వాసన ఉన్న అమెరికా జాతి సంకరం. మంచి టేబుల్ వైన్ దాంతో రాదు. 1988లో కన్వల్ గ్రోవర్ నందిహిల్స్ దిగువన ఫ్రెంచి రకాలు వేసి వైనరీ మొదలుపెట్టాక కాబర్నే సావిన్యాన్, షిరాజ్ ఈ ఎర్ర నేలకి వచ్చాయి.

ఇక్కడ 900 మీటర్లు ఉన్నాయి, లుహాన్‌తో సమానం. మరి వైన్ ఎందుకు అలా ఉండదు? అక్షాంశం 13 డిగ్రీలు. చలికాలం నిజంగా రాదు, తీగ నిద్రపోదు. దాంతో రైతులు ఏడాదికి రెండుసార్లు కత్తిరింపులు చేస్తారు. వేసవిలో ఒకసారి, కొమ్మ కోసం. వానలు వెనకపడే సెప్టెంబర్, అక్టోబర్‌లో రెండోసారి, కాయ కోసం. కోత ఫిబ్రవరి, మార్చి. ఇక్కడే నాకు అతి ముఖ్యమనిపించిన తేడా ఉంది. మెండోసాలో, ఎట్నాలో కాయ పండుతూ ఉంటే వాతావరణం చలి వైపు జరుగుతుంది. మన దగ్గర పండుతూ ఉంటే వేసవి వైపు జరుగుతుంది. చివరి పదిహేను రోజుల్లో చక్కెర దూసుకెళ్తుంది, పులుపు జారిపోతుంది. తొక్కలోని వగరు పండేదాకా ఆగుదామంటే పులుపు ఆగదు. మన వైన్ మేకర్లు ఈ ఇరుకులో సాధించినదాన్ని తక్కువ చేసి మాట్లాడేవాళ్లంటే నాకు బాధగా ఉంటుంది.

వేడి ఇంకా ఎక్కువుండే చోట కూడా ప్రయత్నాలు జరిగాయి. హైదరాబాద్‌కి చెందిన చిగురుపాటి కృష్ణప్రసాద్, ఉమ దంపతులు హంపి దగ్గరి కొండల్లో క్రస్మా తోట పెట్టారు. వాళ్ల కాబర్నే సావిన్యాన్ తాగి చూడండి, మన నేల మీద నమ్మకం కలుగుతుంది. ఎత్తైన చోటి పదును కోసం మాత్రం దాని దగ్గరికి వెళ్లకండి, అది వేరే రుచి.

చాలామంది అడిగే ప్రశ్న: అరకు కూడా ఎత్తే కదా, కాఫీ అంత బాగా పండుతోంది కదా, వైన్ ద్రాక్ష వేయకూడదా? కాఫీకి వాన కావాలి, నీడ కావాలి. ద్రాక్షకి పండే కాలంలో రెండూ వద్దు. తేమ నిలిచే చోట ఆకుకి బూజు, గుత్తికి కుళ్లు. మందులు కొట్టి కొట్టి అలసిపోవాలి. ఎత్తు ఒక్కటే సరిపోదని చెప్పడానికి అరకు మనింటి ఉదాహరణ. రాయలసీమ పొడి నేలల్లో ఎవరైనా ఆలోచిస్తుంటే మాత్రం ముందు నీళ్లు, కత్తిరింపు రోజులు, కొనేవాళ్లు ఎవరన్నది తేల్చుకుని, కొద్ది సెంట్లలో వేసి నాలుగేళ్లు చూడమంటాను.

ఇంతకీ మీకేది?

గోంగూర, పులుసు, చేపల కూర లాంటి పులుపున్న వంటలకి పులుపున్న వైనే కావాలి, లేకపోతే వైన్ చప్పబడిపోతుంది. ఎట్నా వైట్ మొదటి ఎంపిక, ఎట్నా రెడ్ రెండోది. కారం ఎక్కువున్న కోడి వేపుడు, నాటుకోడి కూరకి బాగా చల్లబరిచిన తొరొంతేస్. వాసన ఎక్కువ, వగరు తక్కువ, కారంతో గొడవ పడదు. మిరియాల మటన్ వేపుడు, కబాబులకి ఊకో లోయ మాల్బెక్. బిర్యానీకి నేను లుహాన్ వైపు మొగ్గుతాను, దాని మెత్తదనం మసాలాకి నప్పుతుంది. మా ఇంట్లో దీని మీద ఏకాభిప్రాయం లేదు.

దాచిపెట్టుకుని పదేళ్ల తర్వాత తెరవాలనుకునేవాళ్లకి గ్వాల్తయారి, అల్తమీరా, లేదా ఎట్నా ఉత్తరపు వాలు మీది ఒకే కంట్రాడా సీసా. పులుపూ వగరూ రెండూ ఉన్నవే నిలుస్తాయి. అయితే మన ఇళ్లలో ఏసీ లేని బీరువాలో పెడితే రెండు వేసవులకే పాడవుతుంది. చల్లని చోటు లేకపోతే దాచే ఆలోచన మానుకోండి.

చూసి రావాలనుకునేవాళ్లకి ఖర్చు తక్కువలో నందిహిల్స్, ఫిబ్రవరిలో వెళ్తే గుత్తులు తీగ మీదే ఉంటాయి. మెండోసాకి వెళ్తే మార్చి, ఏప్రిల్. ఒకే రోజు లుహాన్‌లో పొద్దున, ఊకోలో మధ్యాహ్నం గడపండి, గాలి తేడా ఒంటికే తెలుస్తుంది.

నేర్చుకోవాలనే ఆసక్తి ఉన్నవాళ్లకి ఒక పని చెప్తాను. ఒకే వైనరీ, ఒకే సంవత్సరం, రెండు మాల్బెక్ సీసాలు కొనండి, ఒకటి లుహాన్, ఒకటి ఊకో. నలుగురు కలిసి పక్కపక్కన పోసుకోండి. రకం ఒకటే, చేతులు ఒకటే, మారింది ఎత్తూ నేలే. సంవత్సరం చూడడం మర్చిపోవద్దు: మెండోసాలో 2016 చల్లగా, వానలతో గడిచింది, 2020 వేడిగా, తొందరగా కోతకొచ్చింది. వేర్వేరు ఏళ్ల సీసాలు పెట్టుకుంటే ఏ తేడా దేనివల్లో తెలియదు.

ఏది కొన్నా ఒక జాగ్రత్త. రెడ్ వైన్‌ని గది ఉష్ణోగ్రత వద్ద తాగాలని రాసినవాళ్ల గది 18 డిగ్రీలు, మనది 30. ఆ వేడిలో మద్యం ముక్కుకి తగులుతుంది, పులుపు కనిపించదు, 1400 మీటర్ల రాత్రులు కాయలో దాచిన చల్లదనమంతా వృథా అవుతుంది. తెరిచే ముందు అరగంట, ముప్పావు గంట ఫ్రిజ్‌లో పెట్టండి. ఎట్నా రెడ్ అయితే ఇంకో పావుగంట.